రాపిడితో నిప్పు: విల్లు, కదురు, పలకతో నేర్చుకునే దారి

రెండు కర్రలు రుద్దితే నిప్పు పుడుతుందని చిన్నప్పుడు సైన్స్ పుస్తకంలో అందరం చదివాం. రుద్ది చూసినవాళ్ళలో చాలామందికి మాత్రం చెమట, అరచేతుల్లో బొబ్బలు తప్ప ఏమీ దక్కలేదు. దాంతో ఇది ఆదిమానవుడికే చెల్లిందని వదిలేస్తారు. అలా వదిలేయాల్సిన పని కాదిది. టాంజానియాలోని హాడ్జా వేటగాళ్ళు రెండు కర్రలతో నిప్పు పుట్టించే విద్యని మన కాలం దాకా నిలుపుకున్నారు. మన దేశంలో శ్రౌత యాగం జరిగితే అగ్గిపుల్ల గీయరు, అరణి అనే చెక్కల జతని మథించి అగ్నిని పుట్టిస్తారు. చెకుముకి రాయి వేరే సంగతి. అక్కడ ఇనుమూ రాయీ కొట్టుకుని రవ్వ వస్తుంది. ఇక్కడ చెక్కా చెక్కా రాసుకుని నిప్పుకణిక పుడుతుంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో కండబలానికి దక్కే వాటా చాలా తక్కువ. కర్ర సరైనదై, ఎముకలా ఎండి, గంటు (పొడి రాలి పడేందుకు పలక అంచున కోసే చీలిక) సరిగ్గా కోసి ఉంటే బడికెళ్ళే పిల్ల కూడా నిప్పు తీయగలదు. ఆ మూడింటిలో ఒకటి తప్పితే పహిల్వాను వల్ల కూడా కాదు. ఎక్కడ తప్పిందో చెప్పేది పొగ కాదు, గంటులో పడే పొడి. ఆ పొడిని చూసి అర్థం చేసుకోవడం వస్తే సగం విద్య వచ్చినట్టే.

మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి విల్లు పద్ధతే మంచిది. అందులో పలక అనే చదునైన చెక్క మీద కదురు అనే నిలువు పుల్లని నిలబెట్టి, దానికి చుట్టిన విల్లు తాడుతో గిరగిరా తిప్పుతారు. అందుకే దాన్ని వివరంగా చెప్పి, చేతి కదురు, వెదురు పద్ధతుల్ని చివర్లో చెబుతాను.

లోపల జరిగేది

కదురు పలక మీద తిరుగుతుంటే రెండూ అరిగి పొడి రాలుతుంది. రాపిడి వేడికి ఆ పొడి గోధుమరంగు నుంచి నల్లగా మాడుతుంది. అంటే సన్నటి బొగ్గుపొడి అవుతుంది. అది గంటులో ఒకచోట కుప్పగా చేరి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. వేడి దాదాపు 400 డిగ్రీల సెల్సియస్‌కి చేరినప్పుడు, గంటు గుండా వచ్చే గాలి తగిలి, కుప్ప లోపల ఎర్రగా అంటుకుంటుంది. అదే నిప్పుకణిక. నేరుగా మంట ఎప్పుడూ రాదు. కణికని పీచులో పెట్టి ఊదితేనే మంట.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. కర్రలో తేమ ఉంటే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీరు పోయేదాకా అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఇక గంటు లేకపోతే పొడి, కదురు తిరిగే గుంట చుట్టూ చెల్లాచెదురై చల్లారిపోతుంది. పొగ ఎంత వచ్చినా కణిక మాత్రం పుట్టదు.

చోటు, జాగ్రత్త

నేర్చుకోవడానికి అడవికి వెళ్ళొద్దు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అటవీ చట్టం ప్రకారం నేరం. పైగా కర్రలు బాగా ఎండే ఫిబ్రవరి నుంచి మే దాకా ఉన్న రోజులే నల్లమలలోనైనా ఆదిలాబాదు వైపైనా కార్చిచ్చులు లేచే రోజులు. వెదురు పొదలు ఒకదానికొకటి రాసుకుని అడవి అంటుకుందని చెప్పుకుంటారు కానీ, మన అడవుల్లో మంటలు ఎక్కువ భాగం మనుషుల చేతుల మీదుగా లేచినవే.

పెరడు, డాబా, ఇసుక వేసిన ఖాళీ స్థలం ఏదైనా సరిపోతుంది. గాలి తగలకుండా ఒక గోడ అడ్డం ఉంటే ఇంకా మంచిది. గడ్డివాము, ఎండుటాకుల కుప్ప, ఆరేసిన బట్టలు దగ్గర్లో ఉండకూడదు. బకెట్ నీళ్ళు పక్కన పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. నైలాన్ చీరలు, చున్నీలు, వదులు చొక్కాలు వద్దు, నూలు బట్టలు వేసుకోండి. పిల్లలు నేర్చుకుంటుంటే కత్తి పనీ ఊదే పనీ పెద్దవాళ్ళ ఎదుటే జరగాలి.

కర్ర ఎంపిక

నా లెక్కలో గెలుపోటములు సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయి. కాబట్టి ఈ దశలో తొందరపడొద్దు. ఒక సాయంత్రమంతా కర్రలు వెతకడానికే పోయినా నష్టం లేదు.

కావలసింది మెత్తటి, తేలికైన, జిగురు లేని కర్ర. దానికి గోరు పరీక్ష ఉంది. బెరడు తీసిన చోట బొటనవేలి గోరు గట్టిగా నొక్కితే గీత పడాలి. అలాగని గోరు లోపలికి దిగి చెక్క పొడిపొడిగా రాలితే అది పుచ్చిన కర్ర, పనికిరాదు. గీతే పడకపోతే మరీ గట్టిది. తుమ్మ, చండ్ర, టేకు, జమ్మి అన్నీ గట్టి కర్రలే. అవి కదురుని పై నుంచి నొక్కి పట్టే పైబిళ్ళకి బాగుంటాయి, పలకకి కాదు.

తర్వాత ఎండు పరీక్ష. నేల మీద పడి ఉన్న కర్ర తేమ పీల్చుకుంటుంది. చెట్టుకే నిలువునా ఎండి, బెరడు ఊడిపోతున్న కొమ్మ చూడండి. విరిస్తే టప్‌మని శబ్దం రావాలి. వంగి నారలు నారలుగా చీలితే ఇంకా పచ్చి ఉన్నట్టే. విరిగిన చోటుని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల తేమ ఉంది.

మన ప్రాంతంలో దొరికేవాటిలో నా మొదటి ఓటు కిత్తలికి. పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన ముళ్ళాకులతో గుబురుగా ఉంటుంది. జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూసిన గెడ ఇంటి ఎత్తు దాటి నిలబడి, మొక్కతో పాటే చచ్చి ఎండిపోతుంది. ఆ గెడని నిలువుగా చీలిస్తే పలకకి అంతకంటే మంచిది దొరకడం కష్టం. లోపలంతా తేలికైన గుజ్జుచెక్క. ఆకుల చివర ముల్లు సూదిలా దిగుతుంది కాబట్టి గెడ కోసేటప్పుడు కళ్ళు జాగ్రత్త.

బూరుగు, అవిసె, రావి, మర్రి ఊడ, మేడి కూడా ప్రయత్నించదగ్గవే. మునగ మరీ గుల్ల, గుంట చూస్తుండగానే కిందికి దిగిపోతుంది. ఇక రావి సంగతి నాకు ప్రత్యేకంగా ఇష్టం. యాగంలో వాడే అరణికి జమ్మి మీద మొలిచిన రావిని ఎంచుకోమని శాస్త్రం. అగ్ని జమ్మి చెట్టులో దాక్కున్నాడన్న కథ భారతంలో ఉంది కాబట్టి జమ్మికి ఆ గౌరవం దక్కింది. కానీ రాపిడికి ఎంచుకున్నది మాత్రం గట్టి జమ్మిని కాదు, మెత్తటి రావిని. పైగా కింది అరణికీ పై అరణికీ ఒకే జాతి కర్ర. ఇవాళ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చెప్పే సలహా కూడా ఇదే: కదురూ పలకా ఒకే కొమ్మ నుంచి తీసుకోండి, అప్పుడు రెండూ సమానంగా అరుగుతాయి. వేల ఏళ్ళ కింద ఆ కర్రని ఎంచినవాళ్ళు చేత్తో పని చేసి తెలుసుకున్నవాళ్ళే అయి ఉంటారని నా నమ్మకం. రావి కొమ్మ కొట్టడానికి చాలామందికి మనసు రాదు, కొట్టనవసరం కూడా లేదు. చెట్టు మీద ఎండిన కొమ్మలు ఎలాగూ దొరుకుతాయి. పూజా దుకాణంలో అమ్మే సమిధలు మాత్రం సన్నవి, ఈ పనికి చాలవు.

వద్దనుకోవలసినవి కూడా చెప్పుకోవాలి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. వాటి పొగ దగ్గర ముఖం పెట్టడం మంచిది కాదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదలమందు పట్టించిన చెక్క కూడా వద్దు. జిల్లేడు పూర్తిగా ఎండితే చేతి కదురుకి బాగుంటుంది కానీ, పచ్చిది కోయొద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

తెచ్చిన కర్రని వెంటనే వాడకండి. కొన్ని రోజులు ఎండలో పెట్టి, రాత్రిళ్ళు లోపలికి తెచ్చి, తర్వాత అటక మీద దాచండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకొన్నాళ్ళు పడుతుంది. శివరాత్రి దాటాక అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో మొదలుపెట్టేవాళ్ళకి వాతావరణమే సగం సాయం చేస్తుంది.

వస్తువులు తయారు చేసుకోవడం

*పలక.* అడుగు పొడవు, కనీసం 5 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర నుంచి 2 సెంటీమీటర్ల మందం. కింది వైపు చదునుగా ఉండాలి. నేల మీద పెడితే ఊగకూడదు. మందం ఎక్కువైతే గంటు నిండడానికి చాలాసేపు పడుతుంది, తక్కువైతే కణిక పుట్టేలోపే గుంట అడుగు తేలిపోతుంది.

*కదురు.* జానెడు పొడవు, బొటనవేలంత మందం. సెంటీమీటర్లలో చెప్పాలంటే 20 నుంచి 25 పొడవు, రెండుకి కాస్త తక్కువ మందం. నిటారుగా ఉండాలి. వంకర ఉంటే తిరిగేటప్పుడు కొట్టుకుంటుంది. పై కొన పెన్సిల్ మొనలా సన్నగా, కింది కొన మొద్దుగా గుండ్రంగా చెక్కండి. ఎందుకంటే పైన రాపిడి తక్కువ కావాలి, కింద ఎక్కువ కావాలి. పై కొనకి ఒక గీత పెట్టుకోండి, తారుమారు కాకుండా.

*పైబిళ్ళ.* కదురు పై కొనని నొక్కి పట్టే దిమ్మ. అరచేతిలో ఇమిడేంత తుమ్మ ముక్క తీసుకుని, కత్తి మొనతో మధ్యలో చిన్న గుంట చేయండి. సహజంగా గుంట పడిన నున్నటి ఏటిరాయి దొరికితే ఇంకా మంచిది. ఆ గుంటలో కాస్త కొబ్బరినూనె గానీ సబ్బు గానీ రాయండి. ఆ నూనె చుక్క కూడా కదురు కింది కొనకి తగలకూడదు. తగిలితే ఆ కొనని అర సెంటీమీటరు కోసి పారేయండి.

*విల్లు.* చంక నుంచి వేలి కొసల దాకా పొడవు, చూపుడువేలంత మందం, కొద్దిపాటి వంపు చాలు. బాణం వేసే విల్లులా సాగకూడదు, బిగువుగా ఉండాలి. ఎండిన వెదురు బద్ద గానీ కానుగ కొమ్మ గానీ బాగుంటుంది.

*తాడు.* మొదటిసారి నేర్చుకునేటప్పుడు 4, 5 మిల్లీమీటర్ల గట్టి అల్లిక తాడు వాడండి. దుకాణంలో దొరికే జనపనార పురికొస ఒంటిపేటగా పనికిరాదు, తెగిపోతుంది. పాతకాలపు పద్ధతిలోనే చేయాలని పట్టుదల ఉంటే గోగునార గానీ కిత్తనార గానీ గట్టిగా పేని వాడొచ్చు, కానీ అది నిప్పు తీయడం వచ్చాక నేర్చుకోండి. ఒకేసారి రెండు విద్యలు నేర్చుకోబోతే తప్పు ఎక్కడుందో తెలియదు. తాడుని ఒక కొనకి గట్టి ముడి వేసి, రెండో కొనకి విప్పుకునే ముడి వేయండి. మధ్యలో బిగువు సర్దాల్సి వస్తుంది.

*పీచుగూడు.* పిచ్చుక గూడంత ఉండాలి. ఎండు గడ్డి, గోనెసంచి విప్పిన జనపనార, బాగా నలిపిన కొబ్బరిపీచు, ఈత మట్టల మొదట్లో ఉండే పీచు కలిపి చేయండి. అరచేతుల మధ్య రుద్ది రుద్ది దారపు పోగుల్లా మెత్తబడనివ్వండి. మధ్యలో సన్నటి పీచు, బయట ముతకది. బూరుగు దూది భగ్గుమని అంటుకుని అంతే వేగంగా ఆరిపోతుంది, అందుకని పీచులో కాస్త కలపాలే తప్ప ఒక్కటే వాడకూడదు. పీచు కూడా కర్రతో పాటే ఎండలో ఎండాలి. చాలామంది కర్రని అపురూపంగా ఎండబెట్టి పీచుని పట్టించుకోరు. కణిక చేతికొచ్చాక ఓడిపోయేది అక్కడే.

ఇవి కాక కణికని పట్టడానికి గంటు కింద పెట్టే ఎండు మోదుగాకు ఒకటి, మంట వచ్చాక వేయడానికి అగ్గిపుల్లంత పుల్లలు, పెన్సిలంత పుల్లలు, వేలంత పుల్లలు వేర్వేరుగా పేర్చి పక్కన పెట్టుకోవాలి.

గుంట, గంటు

పలక అంచు దగ్గర కదురుని నిలబెట్టి చూడండి. కదురు అంచుకీ పలక అంచుకీ మధ్య 3, 4 మిల్లీమీటర్లు ఉండేలా చోటు గుర్తు పెట్టండి. కత్తి మొనతో అక్కడ చిన్న గుంట గీయండి, కదురు జారకుండా ఆనితే చాలు. విల్లుతో కాసేపు తిప్పితే గుంట కదురంత వెడల్పుకి నల్లగా కాలుతుంది. అప్పుడు ఆపండి. గంటు కోయడం ఆ తర్వాతే. ముందే కోస్తే కదురు జారిపోతుంది.

గంటు అంటే పలక అంచు నుంచి గుంట వైపు కోసిన త్రికోణపు చీలిక. పై నుంచి చూస్తే అది గుంట వలయంలో ఎనిమిదో వంతు తీసేసినట్టు ఉండాలి. అంటే కోణం 45 డిగ్రీలు. దాని మొన గుంట నడిమధ్యకి దగ్గరగా రావాలి కానీ మధ్యని తాకకూడదు. తాకితే కదురు మొన అందులోకి దిగి ఇరుక్కుంటుంది. గంటు గోడలు నున్నగా ఉండాలి. ముక్కలు, పీచులు వేలాడితే పొడి అక్కడే చిక్కుకుని కిందికి చేరదు. కింది వైపు కాస్త వెడల్పు చేస్తే పొడి సులువుగా జారుతుంది, తర్వాత పలక ఎత్తినప్పుడు కణిక విరగకుండా వస్తుంది.

ఈ కోతకి చిన్న రంపం వాడితే తేలిక. కత్తే ఉంటే పలకని బల్ల మీద పెట్టి మీకు దూరంగా కోయండి. చేతిలో పట్టుకుని కోయొద్దు.

కూర్చునే తీరు

కుడిచేతివాటం వాళ్ళకి చెబుతున్నాను, ఎడమచేతివాటం వాళ్ళు తిరగేసుకోండి. ఎడమ పాదం పలక మీద, గుంటకి ఆనుకుని పెట్టండి. కుడి మోకాలు వెనక్కి నేల మీద ఆనించండి. మోదుగాకు గంటు కింద ఉండాలి.

తాడుని కదురు చుట్టూ ఒక్క చుట్టు తిప్పండి. కదురు విల్లు కర్రకి బయటి వైపు నిలవాలి. బిగువు సరిపోయిందంటే, కదురు చేతిలోంచి ఎగిరిపోతానన్నట్టు తన్నుతుంది. అలా తన్నకపోతే వదులుగా ఉంది, బిగించండి.

కదురు కింది కొన గుంటలో పెట్టి, పై కొన మీద పైబిళ్ళ పెట్టి ఎడమ చేత్తో పట్టుకోండి. ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఎడమ మణికట్టుని ఎడమ కాలి పిక్క ముందున్న ఎముకకి గట్టిగా ఆనించండి. చెయ్యి కాలుని వాటేసుకున్నట్టు ఉంటుంది. అప్పుడే కదురు నిటారుగా నిలుస్తుంది. మణికట్టు గాల్లో ఉంటే ఎంత బలంగా పట్టినా ఊగుతుంది. నొక్కుడు భుజం బరువుతో రావాలి, చేతి కండతో కాదు. ఛాతీని మోకాలి మీదికి కాస్త వాల్చితే ఆ బరువు దానంతటదే దిగుతుంది.

తిప్పడం

విల్లుని నేలకి సమాంతరంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా లాగండి. పొట్టి లాగుళ్ళతో వేడి పుట్టదు. మొదట నెమ్మదిగా, తేలికపాటి నొక్కుడుతో లయ కుదుర్చుకోండి. ఊపిరి ముక్కుతో తీసుకుంటూ దమ్ము మిగుల్చుకోండి.

కాసేపటికి సన్నటి పొగ వస్తుంది. ఇక్కడే అందరూ ఉత్సాహపడి వేగం పెంచేసి అలిసిపోతారు. అప్పుడే వద్దు. గంటు పొడితో నిండేదాకా అదే లయలో సాగండి. గంటు నిండి, పొగ దట్టంగా కదురు చుట్టూ లేచినప్పుడు నొక్కుడు కాస్త పెంచి, ఇరవై ముప్పై లాగుళ్ళు వీలైనంత వేగంగా లాగండి. దాచుకున్న దమ్మంతా అప్పటి కోసమే.

ఆపాక కదురుని విదిలించకుండా మెల్లగా ఎత్తండి. పలక కదపొద్దు. గంటులోని పొడి వైపు చూడండి. కదురు తీసేసినా పొడి కుప్పలోంచి దానంతటదే పొగ లేస్తుంటే కణిక పుట్టినట్టే. సన్నటి తీగలా, ఆగకుండా లేస్తుంది. పొగ గుంటలోంచి మాత్రమే వచ్చి ఆగిపోతే ఇంకా పుట్టలేదు. కాసేపు ఆయాసం తీర్చుకుని, పొడిని పారేయకుండా, మళ్ళీ మొదలుపెట్టండి. గుంట ఇంకా వేడిగానే ఉంటుంది.

పొడి ఏం చెబుతోంది

కణిక రాలేదని ఇంకా బలంగా లాగే ముందు, గంటులోంచి కాస్త పొడి తీసి తెల్లకాగితం మీద వేసి చూడండి.

లేత గోధుమరంగులో, ముతకగా, దూదిపింజల్లా ఉంటే వేడి చాల్లేదు. వేగం పెంచండి, కాస్త నొక్కండి. ముదురు కాఫీరంగు దాటి నల్లగా, మెత్తగా, కొద్దిగా నూగుగా ఉండి ఒకదానికొకటి అంటుకుంటుంటే అదే కావలసిన పొడి. కొత్త కర్రతో ఆ రంగు కనిపించిన రోజు కణిక రాకపోయినా నిరాశపడకండి, దగ్గర్లోనే ఉన్నారు. నల్లగానే ఉన్నా గరుగ్గా, చిన్న చిన్న చుట్టలుగా పడుతుంటే నొక్కుడు ఎక్కువైంది, లేదా కర్రలో జిగురో తేమో ఉంది. నొక్కుడు తగ్గించి చూడండి. మారకపోతే కర్ర మార్చండి.

పొడే రాకుండా కీచుమని శబ్దం వస్తుంటే కదురూ గుంటా నున్నగా మెరుపెక్కాయన్నమాట. వాటిని కత్తితో గీకి గరుకు చేయండి. గుంటలో చిటికెడు పొడి ఇసుక వేసినా పట్టు వస్తుంది.

తాడు జారి కదురు తిరగకపోతే తాడు వదులైంది. లాగుతూనే విల్లు పట్టిన చేతి వేళ్ళతో తాడుని కర్ర వైపు నొక్కితే అప్పటికి బిగుస్తుంది. కదురు ఎగిరిపోతుంటే మణికట్టు కాలిని వదిలేసిందేమో చూడండి, విల్లు వాలిపోయి తాడు కదురు మీద పైకో కిందికో పాకుతోందేమో చూడండి. పొగ కింద కాకుండా పైబిళ్ళ దగ్గర వస్తుంటే పై కొన మొద్దుబారింది. మళ్ళీ చెక్కి నూనె రాయండి.

కణిక నుంచి మంట దాకా

కణిక పుట్టాక తొందరేమీ లేదు. ఈ మాట నమ్మడం కష్టం కానీ నిజం. చేతులు వణుకుతూ, టెన్షన్‌తో గబగబా పీచులో వేయబోతే కుప్ప చెదిరి ఆరిపోతుంది. ముందు కాసేపు అలాగే ఉంచండి. అరచేత్తో మెల్లగా విసరండి. పొడి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది, లోపల ఎరుపు కనిపిస్తుంది. అప్పుడు పుల్లతో కణికని ఆకు మీద ఆపి, పలకని మెల్లగా అవతలికి ఒరిగించి తీసేయండి.

ఆకుని ఎత్తి కణికని పీచుగూడు మధ్యకి జార్చండి. గూడుని కణిక చుట్టూ మూయండి, నలపకుండా, కానీ పీచు కణికకి తగిలేలా. ముఖం కంటే కాస్త పైకి ఎత్తి పట్టుకుని, గాలికి వీపు పెట్టి, కింది నుంచి పొడవాటి మెల్లని ఊపిరితో ఊదండి. ఎత్తి పట్టడం వల్ల పొగ కళ్ళలోకి రాదు, నోటి తేమ కూడా పీచుకి తక్కువగా తగులుతుంది. పొగ తెల్లగా, చిక్కగా, పసుపు పచ్చ ఛాయతో వచ్చాక ఊదడం ఆపకండి. ఎరుపు పాకిన చోటికి కొత్త పీచుని వేళ్ళతో దగ్గరికి తోయండి. మంట భగ్గున వస్తుంది, కాబట్టి గూడు అడుగు పట్టుకున్న వేళ్ళు జాగ్రత్త. వెంటనే నేల మీద పెట్టి అగ్గిపుల్లంత పుల్లలు ఆనించండి, అవి అంటుకున్నాక పెన్సిలంతవి.

పని అయ్యాక నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. చేతి వెనుక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగలకపోతేనే అక్కడి నుంచి కదలాలి. పీచులోంచి రాలిన కణిక ముక్కలు చుట్టుపక్కల పడ్డాయేమో కూడా చూసుకోండి.

చేతి కదురు

ఇందులో విల్లు ఉండదు, తాడు ఉండదు. మూరెడు పైన పొడవు, చిటికెనవేలంత మందం ఉన్న నిటారైన కాడని అరచేతుల మధ్య తిప్పుతూ కిందికి నొక్కడమే. చేతులు అడుగుకి చేరగానే మళ్ళీ పైకి తీసుకెళ్ళాలి. ఆ క్షణంలో వేడి పడిపోతుంది కాబట్టి ఒక చేత్తో కదురుని గుంటలో ఆనించి పట్టి, రెండో చెయ్యి ముందు పైకి పోవాలి. పలకా, గంటూ, పొడి లెక్కా అన్నీ ముందు చెప్పినవే, గుంట మాత్రం చిన్నది. కిత్తలి పలక మీద ఎండిన జిల్లేడు కాడ మంచి జోడీ.

అరచేతులు గట్టిపడేదాకా రోజూ కొద్దికొద్దిగానే చేయండి. బొబ్బ లేచే సూచన కనిపించగానే ఆపేయాలి. కదురు పై కొనకి దారం కట్టి రెండు వైపులా బొటనవేళ్ళు దూర్చే ముడులు వేస్తే చేతులు కిందికి జారవు, నొక్కుడూ ఆగదు. పద్ధతి చూస్తే అన్నింటికంటే సాదాసీదాగా కనిపిస్తుంది కానీ కర్ర ఎంపికలో ఇసుమంత పొరపాటుని కూడా క్షమించదు. అందుకే విల్లుతో మొదలుపెట్టమన్నాను.

యాగంలో అరణి మథనం ఈ రెండు పద్ధతుల మధ్యలో ఉంటుంది. ఒకరు పై నుంచి నొక్కి పడితే ఇంకొకరు కదురుకి చుట్టిన తాడుని రెండు చేతులతో మార్చిమార్చి లాగుతారు. 1975లో కేరళలోని పాంజాళ్ గ్రామంలో జరిగిన అగ్నిచయనం అనే శ్రౌత యాగాన్ని డచ్ పండితుడు ఫ్రిట్స్ స్టాల్ బృందం చిత్రీకరించింది. అందులోనూ అగ్ని మథనంతోనే పుట్టింది. ఇద్దరు నేర్చుకునేవాళ్ళు ఉంటే ఈ తాడు పద్ధతి తప్పక చేసి చూడండి. ఒక్కరి మీద భారం పడదు, నొక్కేవాళ్ళకి కదురు నిటారుగా ఉందో లేదో తీరిగ్గా చూసుకునే వీలుంటుంది.

వెదురు రంపం

వెదురు దొరికే ఊళ్ళలో ఇది బాగా పనికొస్తుంది. నాగా తెగలు చీల్చిన కర్ర కింద బద్దని పెట్టి అటూ ఇటూ లాగి నిప్పు తీసేవారు. ఆగ్నేయాసియాలో రంపం కోసినట్టు కోసే పద్ధతి ఉంది. రెండోది చెబుతాను.

బాగా ఎండిన, పసుపెక్కిన వెదురు బొంగు మూరెడు తీసుకుని నిలువుగా రెండు చేయండి. ఒక సగం అంచుని కత్తిలా పదును చేయండి. రెండో సగం వీపు మీద అడ్డంగా గంటు పెట్టి, లోపలి వైపు సన్నటి రంధ్రం పడేదాకా కోయండి. వెదురు పైపొరని గీకితే వచ్చే సన్నటి తురుముని పిడికెడు తీసి, ఆ రంధ్రానికి లోపలి వైపు ఆనించి, మీద ఒక పలచటి బద్ద పెట్టి వేళ్ళతో నొక్కి పట్టండి. పదును చేసిన సగాన్ని ఒక కొన నేల మీద, ఇంకో కొన పొట్టకి ఆనేలా ఏటవాలుగా నిలపండి. పొట్టకి మడత పెట్టిన గుడ్డ అడ్డం పెట్టుకోండి. గంటుని ఆ పదును మీద ఉంచి పైకీ కిందికీ వేగంగా రాయండి. పొడి రంధ్రం గుండా తురుములోకి దిగి అక్కడే కణిక అవుతుంది. వెదురు అంచు చర్మాన్ని బ్లేడులా కోస్తుంది కాబట్టి చేతికి గ్లోవ్స్ ఉంటే మంచిది.

సెట్టు దాచుకోవడం

ఒకసారి కణిక ఇచ్చిన కదురూ పలకా చాలా విలువైనవి. వాటిని పొయ్యిలో పెట్టకండి. కాలిన గుంటలో బొగ్గు పొర ఉంటుంది కాబట్టి రెండోసారి అదే గుంటలో త్వరగా వేడి పుడుతుంది. అడుగు తేలిపోయేదాకా వాడి, తర్వాత అదే పలక మీద ఒక అంగుళం అవతల కొత్త గుంట మొదలుపెట్టండి. కదురు అరిగి అరచేతి వెడల్పుకి వస్తే మార్చాలి. అంతకంటే పొట్టిదైతే తాడు ఆడేందుకు చోటు ఉండదు.

తొలకరి పడకముందే కదురు, పలక, పీచు కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగించండి. శ్రావణ, భాద్రపదాల్లో బయట ఉంచిన కర్ర ఎంత ఎండిందైనా గాలిలోని తేమ పీల్చుకుంటుంది. అప్పుడు తీస్తే వాడే ముందు ఒక పూట ఎండ చూపించండి. ఎండ లేకపోతే పొయ్యి దగ్గర వెచ్చగా, మాడకుండా, రాత్రంతా ఉంచితే మర్నాటికి పనికొస్తుంది.